బి షిఫ్టు కోసం ఆపిన సినిమా

జంషెడ్‌పూర్ తెలుగువాళ్లలో ఆదిబాబుని ఎరగనివాళ్లు లేరు. అతని మాట విన్నవాళ్లు మాత్రం తక్కువ. ఉగాది కవి సమ్మేళనానికైనా, నవమి పందిరికైనా, ఎవరి అమ్మాయి నాట్య ప్రదర్శనకైనా మైకు పెట్టేది అతనే. "హలో, చెక్, చెక్" అని, మైకుని పెద్దమనుషుల చేతికిచ్చి, తన డబ్బాల వెనక్కి పోయి కూర్చుంటాడు. వాళ్లు గంటల తరబడి సంస్కృతిని ఉద్ధరిస్తూంటే, అది కీచుమనకుండా మీటలు తిప్పుతూంటాడు. ఇన్నేళ్లలో ఆ మైకులో తన మాటంటూ ఒకటి మాట్లాడదామని అతనికి తోచలేదు. మాట్లాడమని ఎవరికీ తోచలేదు.

అది సరదా పని. అన్నం పెట్టే పని వేరు. ఉక్కు కంపెనీలో ఓవర్‌హెడ్ క్రేను నడుపుతాడు. షెడ్డు కప్పు కింద, గాలిలో వేలాడే గాజు గదిలో కూర్చుంటాడు. కింద రోదలో మనిషి మాట మనిషికి వినపడదు. కింద నిలబడ్డవాడు వేలు పైకి చూపించి తిప్పితే ఎత్తాలి, అరచెయ్యి నేలవైపు ఊపితే దించాలి. తండ్రి టెక్కలి దగ్గర్నించి వచ్చి అదే షెడ్డులో కింద బరువులు మోసే ఖలాసీగా చేరాడు. కొడుకు కింద నుంచి పైకెక్కాడు. ఆ కుటుంబం ఎదుగుదల అంటే అక్షరాలా అంతే. అగ్రికో కాలనీలో క్వార్టరు, ఒక స్కూటరు, భార్య త్రివేణి, ఒక్కగానొక్క కూతురు బిందుప్రియ.

బిందు తొమ్మిదో తరగతి. మంచి పేరున్న ఇంగ్లీషు స్కూలు. అందులో సీటు దొరికినప్పుడు త్రివేణి వీధంతా లడ్డూలు పంచింది. వెనకటి నెలలో ఒకరోజు మధ్యాహ్నం స్కూలు వాళ్లు ఫోన్ చేసి, ల్యాబు తలుపు పడి మీ పాప వేళ్లు నలిగాయన్నారు. కుడిచేతి రెండు వేళ్లకీ ఎముకలు విరిగాయి. ఆసుపత్రిలో కట్టు కట్టారు. తలుపు ఎలా పడిందని అడిగితే, గాలికి అంది బిందు. గాలికే అయ్యుంటుందన్నారు స్కూలు వాళ్లు. కట్టు మార్చి మార్చి వేస్తున్నా పిల్ల బడి గడప తొక్కలేదు. గట్టిగా అడిగితే స్నానాల గదిలోకి పోయి గడియ వేసుకునేది.

చివరికి తల్లికి చెప్పింది. గాలి కాదు. ముగ్గురు అమ్మాయిలు. వాళ్లలో తలుపు పట్టుకు నొక్కింది మనస్వి. అంతకు ముందు ఎన్నాళ్లనించో జరుగుతున్నదే. బిందు వరండాలో కనిపిస్తే చాలు, వాళ్లు అరచేతులు నేలవైపు ఊపేవాళ్లు. దించు, దించు అని. క్రేనువాడి కూతురు కదా, దించితే దిగాలి. నేల మీద కూర్చునేదాకా ఊపేవాళ్లు. ఆ రోజు బిందు కూర్చోలేదు.

ఆ సంజ్ఞలు పిల్లకి ఆడుకోడానికి నేర్పింది ఆదిబాబే. స్నేహితులకి చూపించి మురిసింది బిందే.

మనస్వి తండ్రి భీమశంకర్. సోనారిలో ఉంటాడు, కంపెనీలో సీనియర్ మేనేజరు, తెలుగు సంఘానికి ఉపాధ్యక్షుడు. అతనిది వేరే డిపార్టుమెంటు. ఆదిబాబు మీద అతనికి ఏ పెత్తనమూ లేదు. ఉంటే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. పైగా మర్యాదస్తుడు. సభ అయ్యాక మైకువాణ్ణి వెతుక్కుంటూ వచ్చి "థాంక్యూ ఆదిబాబూ, సౌండు అద్భుతం" అనేవాడు ఆ సంఘంలో అతనొక్కడే.

ఆదిబాబు ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లి, పేర్లు మాత్రం బయటపెట్టకుండా, జరిగింది చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, ఇది చాలా తీవ్రమైన ఆరోపణ, పాప వచ్చి తన నోటితో చెప్పాలి, చెబితే తప్పకుండా చర్య తీసుకుంటామంది. పిల్ల చెప్పనంది. అలా కొన్నాళ్లు గడిచాయి. తర్వాత ఆ సినిమా వచ్చింది.

తీసినవాడు సాయిచంద్, సోనారి కుర్రాడే. స్కూల్లో రోజూ దెబ్బలు తినే ఒక పిల్లవాడి కథ. ఎక్కడో విదేశంలో బహుమతి వచ్చింది. ఆ ఊరి పేరు పలకడం సంఘం కార్యదర్శి సీతారామరావు వల్ల కాలేదు. "ఏదో ఒక అంతర్జాతీయ స్థాయి పట్టణం" అని నోటీసులో వేయించాడు. మన కుర్రాడు గెలిచాడు కాబట్టి బిష్టుపూర్‌లో సంఘం హాలులో ఆదివారం పొద్దున్న ప్రదర్శన, సన్మానం, భోజనాలు. బడి సినిమా అనేసరికి పిల్లల సినిమా అనుకుని చాక్లెట్లు కూడా తెప్పించాడు.

శుక్రవారం నాడు పరీక్షగా వేసి చూసుకోడానికి హాలుకి వెళ్లిన ఆదిబాబు, చెవులకి హెడ్‌ఫోను తగిలించుకుని సినిమా అంతా ఒక్కడే చూశాడు. నిజానికి విన్నాడు. చివర్లో ఆ పిల్లవాడు టీచర్ల గదిలోకి నడుస్తాడు. ఎవరూ పిలవరు, ఎవరూ అడగరు. బల్ల ముందు నిలబడి, కొట్టినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెబుతాడు. ఆ సీనులో ఫ్యాను చప్పుడు లేదు, గంట లేదు, సంగీతం లేదు. చిన్న గొంతు, గాజుముక్కలా స్పష్టంగా. తర్వాత ఏమవుతుందో సినిమా చెప్పదు. ఆదిబాబుకి ఆ తర్వాత అక్కర్లేదు. ఇది బిందు వినాలి, అంతే.

ఆ సాయంత్రమే కూతురితో అన్నాడు. "సినిమా సూద్దువు గాని రా. నీలాంటి పిల్లాడే. సివర్న సెప్పేత్తాడు."

బిందుకి ఇంట్లో తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో వస్తుంది. తన కట్టు కేసి చూసుకుంది. "సోమ్‌వార్ కో చలూంగీ. నామ్ భీ బోలూంగీ," అంది. త్రివేణి వంటింట్లోంచి పరుగున వచ్చింది. "లేకిన్ పాపా, అప్నే లోగోం మే కిసీకో మత్ బతానా," అంది బిందు తండ్రితో. సోమవారం స్కూలుకి వచ్చి పేర్లు చెబుతాను, ఆలోగా మనవాళ్లలో ఎవరికీ తెలియకూడదు. తెలుగు సంఘం వాళ్ల నోళ్లలో పడటం ఆ పిల్లకి తలుపులో వేళ్లు పడటం కంటే భయం.

"నాను సెప్పను. నా మీదొట్టు," అన్నాడు ఆదిబాబు.

ఆదివారం పది గంటలకన్న సినిమా పదకొండు దాటాక మొదలైంది. జ్యోతి ప్రజ్వలన, ప్రార్థన గీతం, అధ్యక్షులవారి తొలి పలుకులు, మలి పలుకులు. ఈ ఊళ్లో ఏ కార్యక్రమమైనా కంపెనీ షిఫ్టుల మధ్యనే ఇమడాలి. రాత్రి షిఫ్టు వాళ్లు కాస్త కునుకు తీసి రావాలి, మధ్యాహ్నం రెండింటికి బి షిఫ్టు ఎక్కేవాళ్లు తిని వెళ్లాలి. పెళ్లి ముహూర్తాలే అలా చూసుకుంటారు, సినిమా ఒక లెక్కా? ఆదిబాబు బిందుని తన డబ్బాల పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకున్నాడు. త్రివేణి వెనక వరసలో కూర్చుంది. భీమశంకర్ ముందు వరసలో ఉన్నాడు. అతని కూతురు రాలేదు. అదొక్కటి చూసుకుని ఆదిబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

సినిమాలో కొట్టుకోవడం కనపడదు. మూసిన తలుపు, ఖాళీ వరండా, నేల మీద దొర్లుతున్న నీళ్ల సీసా. తలుపు వెనక నుంచి చప్పుళ్లు. కెమెరా కదలదు. ఎంతకీ కదలదు.

"ఏటి బావా," అని వెనక నుంచి అప్పలరాజు గొంతు. ఆదిబాబుతోపాటు క్రేను నడిపేవాడే, నోరు ఊరుకోదు. "కెమెరా అక్కడొగ్గేసి టీకెల్లిపోనాడేటి నీ డైరెక్టరు?"

హాలు గొల్లుమంది.

కాసేపటికి ఆ పిల్లవాడు రక్తం కారే పెదవితో బయటికొచ్చి, సీసా తీసుకుని, క్లాసులోకి పోయి కూర్చున్నాడు. అంతే. "వొరే, ఒక్కటి పీకరా ఆడ్ని!" అరిచాడు అప్పలరాజు. "సేతుల్లేవేటి నీకు?" ఎవరో ఈల వేశారు. చిన్నపిల్లలు చాక్లెట్లు నములుతూ, పెద్దవాళ్లు నవ్వుతున్నారు కాబట్టి తామూ నవ్వారు. బిందు కట్టు కట్టిన చేతిని చున్నీ కిందికి లాక్కుంది. ఆదిబాబు సౌండు పెంచాడు. సౌండు పెంచితే నవ్వు కూడా పెరిగింది.

ఇంద్రాణి టీచరు, ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, లేచి నిలబడింది. "టీచర్లని ఇంత చవటల్లా చూపిస్తారా? మేం కొట్టాం బాబూ, కొట్టే చెప్పాం. వాళ్లే ఇవాళ ఇంజనీర్లు." సగం మంది సై అన్నారు. భీమశంకర్ వెనక్కి తిరిగి చెయ్యెత్తాడు. "దయచేసి నిశ్శబ్దం. ఈ సినిమాలో నిశ్శబ్దం కూడా ఒక పాత్ర." "ఆ పాత్రకి డైలాగుల్లేవు గదా, మరి మనవే సెప్పుకోవాల," అన్నాడు అప్పలరాజు. మళ్లీ నవ్వులు. సాయిచంద్ గోడకి ఆనుకుని తన చెప్పుల కేసి చూసుకుంటున్నాడు.

ఒంటిగంట కావొస్తుండగా సీతారామరావు వంగి వంగి డబ్బాల దగ్గరికి వచ్చాడు. "ఆదీ, ఇంక ఆపెయ్."

"ఇంకొంచెమే ఉందండి."

"బి షిఫ్టు వాళ్లు వెళ్లిపోవాలయ్యా. సన్మానానికి జనం లేకపోతే ఏం బావుంటుంది? వడలు చల్లారిపోతున్నాయి."

"సివరే అసలు సినిమా అండి. అదొక్కటి సూడనివ్వండి."

"చివర అందరికీ తెలిసిందేగా, ఏదో శుభం." సీతారామరావు సాయిచంద్ కేసి చూశాడు. "ఏం బాబూ, నీకేం అభ్యంతరం లేదుగా?"

బహుమతి తెచ్చుకున్న కుర్రాడు నీరసంగా నవ్వాడు. "పర్లేదంకుల్."

ఆదిబాబు ఆపాడు. ఇరవై ఏళ్లుగా ఆపమన్నప్పుడు ఆపడం, వెయ్యమన్నప్పుడు వెయ్యడం. చెయ్యి దానంతట అదే పోయింది. తెర మీద పిల్లవాడు టీచర్ల గది గుమ్మంలో, ఒక కాలు లోపల, ఒక కాలు బయట ఆగిపోయాడు. దీపాలు వెలిగాయి. బిందు తండ్రి కేసి చూసింది. ఇంతేనా అన్నట్టు.

శాలువా కప్పడం అయింది. తర్వాత "రెండే మాటలు, రెండంటే రెండే" అని సీతారామరావు చర్చకి తలుపు తెరిచాడు. ఆదిబాబు చేతిలో తీగలేని మైకు. అడిగినవాళ్లకల్లా అందించాలి. ఒకాయన, ఇంత దిగులు సినిమాలు పిల్లలకి చూపిస్తే ఏమైపోతారన్నాడు. ఒకావిడ, మా అబ్బాయి స్కూల్లో ఇవేం లేవమ్మా, అన్నీ సినిమా వాళ్ల కల్పనలంది. అప్పలరాజు, పాట లేకపోతే పోనీ, కనీసం ఫైటైనా ఉండాల గదా, దెబ్బలాట సినిమాలో దెబ్బలాటే లేదన్నాడు. భీమశంకర్ అందరికంటే బాగా మాట్లాడాడు. "తలుపు వెనక ఏం జరుగుతోందో మనకి తెలుసు. అయినా మనం సీసానే చూస్తున్నాం. ఆ తలుపు బయట నిలబడ్డది మనమే. మనమందరం దోషులమే." ముందు వరసలు చప్పట్లు కొట్టాయి. అందరూ దోషులైతే ఎవరికీ శిక్ష ఉండదు కాబట్టి ఆ మాట ఎప్పుడూ చప్పట్లు తెస్తుంది. వెనక వరసలు లేచి వడల వైపు చూస్తున్నాయి. కళ అని వీళ్లు, ఏడుపు అని వాళ్లు. ఆదిబాబుకి ఎవరి పక్షం చేరాలో తెలియలేదు. సినిమాని మెచ్చుకున్నవాడు మనస్వి తండ్రి. ఎగతాళి చేసినవాడు తన ప్రాణస్నేహితుడు.

మైకు చేతిలోనే ఉండిపోయింది.

"సివర్న ఆ గుంటడు పేర్లు సెప్తాడండి," అన్నాడు. గొంతు స్పీకర్లలోంచి ఖంగుమని వచ్చేసరికి తనే ఉలిక్కిపడ్డాడు. హాలు తిరిగి చూసింది. "అది సూడకండా బావుందనీ బాలేదనీ ఏటి సెప్పుకుంతారు మీరు? సివర సూడండి. నాలుగు నిమిసాలు. మా పాపకి సూపిద్దారనే తెచ్చినాను."

"పాపకి ప్రత్యేకంగా చూపించడం ఏమిటి?" అని ఎవరో అడిగారు. మామూలుగానే అడిగారు. ఆదిబాబు దగ్గర దానికి మామూలు జవాబు లేదు.

"మా గుంట వేళ్లు తలుపులో పడినాయి కాదండి. పెట్టి నొక్కేసినారు. దాని బళ్లోనే, తోటి పిల్లలే. ఇలగ దించు దించు అని…" మైకు లేని చేత్తో అరచెయ్యి నేలవైపు ఊపి చూపించాడు. ఊపుతూండగా తను ఏం చేస్తున్నాడో తెలిసి, చెయ్యి అక్కడే నిలిచిపోయింది.

ఆ క్షణంలో ఏమైనా జరగవచ్చు అనిపించింది. ఏమి జరిగిందంటే, భీమశంకర్ లేచి నిలబడి చప్పట్లు మొదలుపెట్టాడు. ముందు వరసలన్నీ లేచాయి. "సినిమా గురించి సెప్పమంటే ఇంటి గొడవ సెప్తన్నాడేటి?" అని వెనక నుంచి ఒకడు, "నోర్ముయ్యరా, పాపం ఆడి కూతురు" అని అప్పలరాజు. సీతారామరావు మైకు తీసేసుకున్నాడు. "సోదర సోదరీమణులారా, ఇదీ కళ యొక్క శక్తి! మాటలే రాని మన ఆదిబాబు గారి చేత కూడా మాట్లాడించింది!" సంఘం వాళ్లు ఎప్పుడూ ఒక శాలువా ఎక్కువే తెస్తారు, అనుకోకుండా ఎవరైనా పెద్దమనిషి వస్తాడేమోనని. అది తెచ్చి ఆదిబాబు భుజాల మీద కప్పారు. ఫోన్లు పైకి లేచాయి.

శాలువా సర్దుకుంటూ అతను డబ్బాల వైపు చూసేసరికి బిందు కుర్చీలో లేదు.

వెతకబోతూంటే భీమశంకర్ రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. "ఎంత ధైర్యం ఆదిబాబూ! మా మనస్విది అదే క్లాసు, మాకు ఒక్క ముక్క చెప్పలేదు చూడు. ఎవరా పిల్లలు? పేర్లు చెప్పు. రేపు నేనే ప్రిన్సిపాల్‌తో మాట్లాడతాను."

ఆదిబాబు ఆ ముఖంలోకి చూశాడు. తెలిసి అడుగుతున్నాడా, తెలియక అడుగుతున్నాడా? క్రేను గదిలోంచి కింది మనిషి చేతులు చూసి మనసు పసిగట్టడం అతనికి అలవాటే. ఇంత దగ్గర్నించి ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. కూతురికిచ్చిన మాటలో సగం ఇప్పటికే పోయింది. మిగతా సగమైనా నిలబెట్టుకుందామనుకున్నాడు.

"తెలీదండి," అన్నాడు.

స్కూటరు దగ్గర త్రివేణి, బిందు నిలబడి ఉన్నారు. త్రివేణి అతని భుజాల కేసి చూసి, శాలువా లాగి మడిచి సంచిలో కుక్కింది. "ఏటండీ మీకు? వద్దన్నాది గదా పిల్ల! సెప్పీసినారా అందరికీ?"

"పేర్లు సెప్పలేదే. పేర్లు రేపు సెప్పుద్ది. ఏమ్మా?"

బిందు ఏడవలేదు. ఏడిస్తే దగ్గరికి తీసుకునేవాడు. "అబ్ క్యా బోలూం? సబ్‌కో కహానీ మిల్ గయీ," అంది. అందరికీ కథ దొరికింది, ఇంక నేను చెప్పడానికేముంది అని. "మై నహీ జావూంగీ." ఇంక బడికి వెళ్లనని. హాల్లోంచి ఇంద్రాణి టీచరు వడ ప్లేటుతో, అయ్యో తల్లీ ఏదీ చెయ్యి చూపించు అంటూ వస్తోంది. బిందు ముఖం తిప్పుకుని స్కూటరు ఎక్కేసింది.

సోమవారం ఆదిబాబు తన పొద్దుటి 'ఏ' షిఫ్టు అప్పలరాజుకిచ్చి, అతని బి షిఫ్టు తను తీసుకుని, ఒక్కడే స్కూలుకి వెళ్లాడు. పిల్ల మాట ఎలాగూ పోయింది, తనే చెప్పేద్దామని. ప్రిన్సిపాల్ ఈసారి లేచి నిలబడి కుర్చీ చూపించింది. నిన్నటి వీడియో చూసిందట. మిస్టర్ భీమశంకర్ పంపారట. కళ్లు చెమర్చాయట. ఈ విషయం మీద స్కూల్లో ఒక కార్యక్రమం పెడదామని ఆయనే పొద్దున్న ఫోన్ చేశారట. మీ పాపకి కౌన్సెలింగ్ ఖర్చు కూడా తామే పెట్టుకుంటామన్నారట.

ఆదిబాబు అంతా విన్నాడు. తర్వాత మనస్వి పేరు చెప్పాడు.

ఆవిడ ముఖంలో దయ పోలేదు. అలాగే ఉండి, గట్టిపడింది. "నిన్న ఆయన మిమ్మల్ని స్వయంగా పేర్లు అడిగారట. తెలియదన్నారట కదా మీరు?"

"అన్నానండి. అప్పుడు పాప వద్దంది…"

"నిన్న తెలియదు. ఇవాళ మీకు సాయం చేస్తున్న మనిషి కూతురి పేరే తెలిసింది." కోపంగా అనలేదు. బోధపరుస్తున్నట్టు అంది. "పాపని రమ్మనండి. తను చెబితే వింటాను. మీరు చెబితే నేనేం చెయ్యగలను చెప్పండి?"

ఆ మాట న్యాయంగానే ఉంది. నిన్న చెప్పి ఉంటే మాట తప్పినవాడు. చెప్పలేదు కాబట్టి ఇవాళ అబద్ధాలకోరు. మధ్యలో ఇంకో దారి ఉందేమోనని తర్వాత ఎన్నిసార్లు వెతుక్కున్నా అతనికి దొరకలేదు.

ఇంటికొచ్చేసరికి బిందు గుమ్మంలోనే ఉంది. ప్రిన్సిపాల్ ఏమందో అడగలేదు. తండ్రి చెప్పులు విప్పే తీరులోనే తెలిసిపోయింది కాబోలు. "టీసీ లేలో, పాపా," అంది, ఆ బడి నించి తన పేరు తీయించెయ్యమని. ఎడమచేత్తో మంచినీళ్ల గ్లాసు అందించింది.

మనసు మారుతుందేమోనని నీళ్లు తాగినంతసేపూ చూశాడు. త్రివేణి లోపలికి పోయింది. బిందు ఖాళీ గ్లాసు కోసం చెయ్యి చాపి నిలబడింది.

ఆదిబాబు ఫోన్ తీశాడు. "బావా, రేపు కూడా నా డూటీ నువ్వెల్లాల. నీ బి నాను సేత్తాను."

"మళ్లీ ఏటొచ్చింది?" అన్నాడు అప్పలరాజు. వెనక నుంచి క్యాంటీను గిన్నెల చప్పుడు.

"పాప టీసీకి ఎల్లాల."

అవతల గిన్నెల చప్పుడు దూరమైంది. "ఏ బడికి మారుత్తన్నారు?" అన్నాడు అప్పలరాజు. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

అది ఆదిబాబుకి ఇంకా తెలియదు. బి షిఫ్టుకి వేళవుతోంది. చొక్కా మార్చుకోడానికి లోపలికి వెళ్లాడు.